గర్భిణీ స్త్రీలు – రక్తం గడ్డకట్టే లోపాలు: వంశ చరిత్రే తొలి పరీక్ష

రక్తం శరీరంలో ఉన్నంతసేపూ పారుతూ ఉండాలి. గాయమైనప్పుడు మాత్రం ఆ చోటనే గడ్డకట్టి ఆగాలి. ఈ రెండు పనులూ ఒకే రక్తం చేయాలి. ఈ త్రాసు ఎటు మొగ్గినా ప్రమాదమే. గడ్డకట్టే గుణం ఎక్కువైతే రక్తనాళం మూసుకుపోతుంది. తక్కువైతే చిన్న గాయం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కొన్ని కుటుంబాలలో ఈ లోపం తల్లి నుంచో, తండ్రి నుంచో, ఇద్దరి నుంచో పిల్లలకు సంక్రమిస్తుంది. మామూలు రోజుల్లో అది బయటపడకుండానే గడిచిపోవచ్చు. ఆడపిల్ల గర్భం దాల్చినప్పుడు, ప్రసవించినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

బీదర్ జిల్లా చిమ్కోడ్ లాంటి ఊళ్లలో కోడలికి రెండు మూడుసార్లు గర్భం నిలవకపోతే ముందుగా మాట పడేది ఆ కోడలే. ఒంట్లో వేడి ఎక్కువంటారు. బరువులెత్తిందంటారు. బొప్పాయి తిన్నదంటారు. ఎవరి కన్నో పడిందంటారు. ఆమె పుట్టింట్లోగానీ, అత్తింట్లోగానీ రక్తానికి సంబంధించిన జబ్బు ఎవరికైనా ఉండేదా అని అడిగేవారు తక్కువ. ఈ వారం మీకు చెప్పదలచింది ఈ ఒక్క విషయమే. ఖరీదైన పరీక్షలకు పరుగెత్తే ముందు మీ వంశంలో రక్తం కథ తెలుసుకోండి. తెలిసింది కాగితం మీద రాసి డాక్టరు చేతికి ఇవ్వండి.

పాత హకీములు చూపిన దారి

దమ్, బల్గం, సఫ్రా, సౌదా అనే నాలుగు అఖ్లాత్ జిగర్‌లో, అంటే కాలేయంలో తయారవుతాయని యునానీ వైద్యం చెబుతుంది. గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం, గడ్డ మితిమీరకుండా అదుపు చేసే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ కూడా ప్రధానంగా కాలేయంలోనే తయారవుతాయని నేటి వైద్యం చెబుతోంది. అంతమాత్రాన పుట్టుకతో వచ్చిన లోపాన్ని మజూన్‌తోనో, షర్బత్‌తోనో సరిచేయవచ్చని అనుకోరాదు. ఈ ప్రొటీన్లు తయారు చేసే జన్యువులోనే తేడా ఉన్నప్పుడు ఆహారం, మిజాజ్ మార్పులతో అది పోదు.

అయితే మన పాత హకీములు మరొక దారి చూపారు. అందలూసియాకు చెందిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ 1013లో మరణించారు. చిన్న గాయానికే రక్తం ఆగక మగవారు చనిపోయే కుటుంబాల గురించి ఆయన తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో నమోదు చేశారు. హీమోఫీలియాకు సంబంధించిన తొలి వర్ణనల్లో ఒకటిగా దీన్ని వైద్య చరిత్రకారులు పేర్కొంటారు. ఆయన దగ్గర ప్రయోగశాల లేదు. ఏ ఇంట్లో ఎవరు, ఎలా పోయారని విచారించి రాశారు.

ఆధునిక కాలంలోనూ ఇదే జరిగింది. 1924లో ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల నుంచి రక్తస్రావంతో బాధపడే ఐదేళ్ల పాపను వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ దగ్గరకు తీసుకువచ్చారు. ఆయన ఆ కుటుంబంలో 66 మంది వివరాలు సేకరించగా 23 మందికి ఈ లక్షణం ఉన్నట్టు తేలింది. 1926లో ఆయన దీన్ని ప్రచురించారు. నేడు ఆ జబ్బును ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. ఆ పాప యుక్తవయస్సుకు వచ్చాక నెలసరి రక్తస్రావం ఆగకనే మరణించింది. 1965లో నార్వేలో ఓలావ్ ఎగెబెర్గ్ ఒకే కుటుంబంలో పలువురికి రక్తనాళాలలో గడ్డలు ఏర్పడటం గమనించి యాంటీథ్రాంబిన్ లోపాన్ని కనుగొన్నారు. ఒక కుటుంబంలో రక్తం ఆగదు, మరో కుటుంబంలో రక్తం అనవసరంగా గడ్డకడుతుంది. రెండూ బయటపడింది ఇంటివారిని అడగటం వల్లనే.

రక్తం తొందరగా గడ్డకట్టే కుటుంబాలు

ముందుగా రక్తం అతిగా గడ్డకట్టే లోపాలు చూద్దాం. ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ తక్కువగా ఉండటం ఇందులో ముఖ్యమైనవి. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే మార్పు మరొకటి. దీన్ని 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గుర్తించారు. యూరప్ సంతతి వారిలో ఇది సుమారు నూటికి ఐదుగురిలో కనిపిస్తుంది. మన దేశంలో మాత్రం అరుదు.

ఈ లోపాలు తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచి కూడా రావచ్చు. ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం ఉంటుంది. కాబట్టి అమ్మాయికి నానీ వైపు చరిత్ర ఎంత ముఖ్యమో దాదా వైపు చరిత్ర కూడా అంతే ముఖ్యం. లోపం ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం ఏ గడ్డా రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. రిపోర్టులో లోపం కనిపించగానే జీవితం అయిపోయినట్టు కాదు.

గర్భం దాల్చిన స్త్రీ రక్తంలో సహజంగానే గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ప్రసవ సమయంలో అధిక రక్తస్రావం జరగకుండా శరీరం ముందే చేసుకునే ఏర్పాటు ఇది. గడ్డకట్టించే ప్రొటీన్లు పెరుగుతాయి, అదుపు చేసే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. పెరిగిన గర్భసంచి కటిలోని సిరలను నొక్కడం వల్ల కాళ్ల నుంచి రక్తం నెమ్మదిగా పైకి వెళుతుంది. అందువల్ల సిరలలో గడ్డ ఏర్పడే ప్రమాదం గర్భిణులకు మామూలు స్త్రీల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. అయినా మొత్తం మీద చూస్తే వెయ్యి గర్భాలలో ఒకటి రెండింటిలోనే ఇలా జరుగుతుంది. వంశంలో లోపం ఉండి, దానికి తోడు స్థూలకాయం, ఆపరేషన్ కాన్పు, ఎక్కువ రోజులు మంచం మీద ఉండటం వంటివి కలిసినప్పుడు ప్రమాదం పెరుగుతుంది.

గర్భిణులలో ఈ గడ్డ ఎక్కువగా ఎడమ కాలిలో వస్తుంది. రెండు కాళ్లూ సమానంగా వాయడం గర్భిణులలో సాధారణం. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్కలోగానీ తొడలోగానీ నొప్పి, వేడి, ఎరుపు ఉంటే అది సాధారణం కాదు. నూనె మర్దన చేయరాదు, గట్టిగా పిసకరాదు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం జరుగుతాయి. అప్పుడు గంటలు లెక్కపెట్టడానికి వీల్లేదు. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

చిల్లా నలభై రోజులు

ప్రసవం అయిపోగానే గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ గడ్డలు ఏర్పడే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది కాన్పు తరువాతి ఆరు వారాలలోనే. మన ఇళ్లలో పాటించే చిల్లా నలభై రోజులు కూడా సరిగ్గా ఇవే.

బాలింతకు విశ్రాంతి ఇవ్వడం, ఇంటిపని తప్పించడం, బలమైన ఆహారం పెట్టడం మంచి ఆచారాలు. అయితే కొన్ని ఇళ్లలో బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే ఒళ్లు వస్తుందని, పొట్ట పెరుగుతుందని గుక్కెడు మాత్రమే ఇస్తారు. మంచం దిగనివ్వరు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడతారు. నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. కదలిక లేకపోతే కాళ్లలో రక్తం నిలుస్తుంది. ఇప్పటికే గడ్డకట్టే స్వభావం ఉన్న రక్తానికి ఇవి రెండూ తోడైతే ప్రమాదాన్ని మన చేతులతో మనమే పిలిచినట్టు. బాలింతకు దాహం తీరా నీళ్లు ఇవ్వండి. డాక్టరు సరేనన్న రోజు నుంచే ఇంట్లో నాలుగడుగులు వేయనివ్వండి. సొంటి, వాము, గోంద్ లడ్డూ వంటలోని మోతాదులో పెట్టుకోవచ్చు. వాటితో పాటు నీరు, నడక తప్పనిసరి.

బాలింతలలో గడ్డ కాలిలోనే కాదు, మెదడులోని సిరలలో కూడా ఏర్పడుతుంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 2002 నుంచి 2010 వరకు ఇలాంటి 428 మంది రోగుల వివరాలను నమోదు చేసి 2012లో ప్రచురించారు. వారిలో స్త్రీలూ పురుషులూ ఉన్నారు. రక్తహీనత, గర్భనిరోధక మాత్రలు, ప్రసవానంతర స్థితి, ప్రొటీన్ ఎస్ లోపం వంటివి కారణాలుగా కనిపించాయి. ఎక్కడో విదేశాల సంగతి కాదిది. మన ప్రాంతం రోగులు వెళ్లే ఆసుపత్రిలోనే తేలిన విషయం.

బాలింతకు తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మూర్ఛ, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే చాలా ఇళ్లలో గాలి సోకిందంటారు, ఆసేబ్ అంటారు. తావీజు కోసం రెండు రోజులు తిరుగుతారు. ఆ రెండు రోజులే ఆమెకు అత్యంత విలువైనవి. దువా చేసుకుంటూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెదడు స్కానింగ్ చేస్తే విషయం తెలుస్తుంది. సకాలంలో చికిత్స అందితే ఎక్కువమంది కోలుకుంటారు.

గర్భం నిలవకపోవడానికి ఇదే కారణమా?

గర్భం నిర్ధారణ అయిన ప్రతి వందమందిలో సుమారు 15 మందికి గర్భస్రావం జరుగుతుంది. తొలి మూడు నెలల్లో జరిగే వాటిలో ఎక్కువ భాగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల జరిగేవే. తల్లి ఏం తిన్నది, ఎక్కడ నడిచింది అన్నది వాటికి కారణం కాదు. ఒక్కసారి గర్భం పోయినంత మాత్రాన వంశపారంపర్య గడ్డకట్టే లోపాల కోసం పరీక్షలు చేయించనక్కర్లేదు.

వరుసగా గర్భస్రావాలు జరుగుతున్నప్పుడు, లేదా పది వారాలు దాటాక బిడ్డ పోయినప్పుడు తప్పక చేయించవలసిన పరీక్ష ఒకటి ఉంది. అది యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష. ఇది వంశపారంపర్యం కాదు, తరువాత వచ్చేది. ఒకసారి పాజిటివ్ వస్తే 12 వారాల తరువాత మళ్లీ చేసి నిర్ధారించాలి. నిర్ధారణ అయితే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ సూదులతో బిడ్డ నిలిచే అవకాశం మెరుగుపడుతుంది.

వంశపారంపర్య లోపాల విషయం వేరు. గతంలో ఇవి కనిపించగానే గర్భం నిలవడానికని తొమ్మిది నెలలూ రోజూ పొట్టకు సూది ఇచ్చేవారు. 2023లో 'లాన్సెట్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు గర్భం పోయి, వంశపారంపర్య లోపం ఉన్నట్టు తేలిన 326 మంది స్త్రీలను ఐదు దేశాలలో పరిశీలించారు. సూది తీసుకున్నవారిలో సుమారు 72 శాతం మందికి, తీసుకోనివారిలో సుమారు 71 శాతం మందికి సజీవంగా బిడ్డలు పుట్టారు. తేడా లేదు. దీని నుంచి రెండు సంగతులు నేర్చుకోవాలి. గర్భస్రావాలు ఆపడానికి మాత్రమే ఈ సూది వాడటం వల్ల ప్రయోజనం కనిపించలేదు. అంతకన్నా ముఖ్యం, ఏ సూదీ లేకుండానే పదిమందిలో ఏడుగురు తల్లులయ్యారు. కోడలిని నిందించే ఇంట్లో ఈ మాట గట్టిగా చదివి వినిపించండి.

అయితే ఆ స్త్రీకి స్వయంగా ఇంతకుముందు కాలిలోనో, ఊపిరితిత్తులలోనో, మెదడులోనో గడ్డ వచ్చి ఉంటే లెక్క మారుతుంది. యాంటీథ్రాంబిన్ లోపం ఉన్నవారి విషయం కూడా అంతే. అప్పుడు సూది బిడ్డ నిలవడానికి కాదు, తల్లి ప్రాణం కాపాడటానికి. వద్దనరాదు.

ప్రైవేటు ల్యాబుల్లో ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే జన్యు పరీక్ష కూడా చేసి పాజిటివ్ అని పెద్ద అక్షరాలతో ఇస్తుంటారు. ఈ మార్పు చాలామంది ఆరోగ్యవంతులలో ఉంటుంది. గర్భస్రావాలకు ఈ పరీక్ష చేయించవద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా సలహా ఇచ్చింది. ఆ డబ్బు ఆదా చేసి ఫోలిక్ యాసిడ్, ఐరన్ మాత్రలు క్రమంగా వాడించండి.

మరొక జాగ్రత్త. ప్రొటీన్ ఎస్ గర్భంతో ఉన్నప్పుడు సహజంగానే తగ్గుతుంది. ఆ సమయంలో పరీక్ష చేసి లోపం ఉందని తేల్చడం తప్పుదారి పట్టిస్తుంది. కాన్పు అయిన ఆరు వారాల తరువాత, డాక్టరు చెప్పినప్పుడు చేయించడం మేలు. పరీక్ష తప్పుగా చెప్పే రోజుల్లో కూడా వంశ చరిత్ర నిజమే చెబుతుంది.

రక్తం ఆగని కుటుంబాలు

ఇప్పుడు త్రాసులో రెండో వైపు చూద్దాం. మన కుటుంబాలలో రక్తం ఆగని లోపానికి మూడు గుర్తులు ఉంటాయి. మూడూ ఇంట్లోని పెద్ద ఆడవాళ్లకు తెలిసినవే.

మొదటిది ఖత్నా. ఖత్నా నాడు మామూకో, ఖాలా కొడుక్కో రక్తం ఆగక ఆసుపత్రికి తీసుకెళ్లారన్న మాట ఇంట్లో వినిపిస్తే దాన్ని పాతకథగా వదిలేయరాదు. హీమోఫీలియా మగవారిలో కనిపిస్తుంది, ఆడవారి ద్వారా సంక్రమిస్తుంది. హీమోఫీలియా ఉన్న తండ్రికి పుట్టిన ప్రతి కూతురూ దాన్ని మోసేదే. అలా మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం. మోసే స్త్రీలలో కొందరికి కూడా గడ్డకట్టే శక్తి తక్కువగా ఉండి కాన్పులో రక్తస్రావం కావచ్చు. ఈ సంగతి ముందే తెలిస్తే పట్టకార్లు, వాక్యూమ్ వాడకుండా జాగ్రత్తగా కాన్పు చేస్తారు. పుట్టిన బాబుకు కండకు సూది వేసే ముందు ఆలోచిస్తారు. ఖత్నా చేయరాదని కాదు. బాబుకు పరీక్ష చేయించి, అవసరమైతే ఫ్యాక్టర్ ఎక్కించి ఆసుపత్రిలోనే చేయించాలి.

రెండోది బొడ్డు. పుట్టినప్పుడు బొడ్డు ఊడిన చోట రోజుల తరబడి రక్తం కారిందని నానీ ఎవరి గురించైనా చెబితే శ్రద్ధగా వినండి. ఫ్యాక్టర్ థర్టీన్ లోపానికి ఇది ముఖ్యమైన గుర్తు. ఇది చాలా అరుదైన లోపం. కానీ ఇది ఉన్న స్త్రీకి చికిత్స లేకుండా గర్భం నిలవడం కష్టం, పదే పదే పోతుంది. మామూలుగా చేసే పి.టి., ఎ.పి.టి.టి. పరీక్షలు ఇందులో నార్మల్‌గానే వస్తాయి. అంతా బాగుందని రిపోర్టు ఇస్తారు, గర్భాలు పోతూనే ఉంటాయి. బొడ్డు మాట చెబితేనే డాక్టరు వేరే పరీక్ష రాస్తారు. లోపం తేలితే, లేనిదాన్ని క్రమం తప్పకుండా ఎక్కించి గర్భాన్ని నిలపవచ్చు.

మూడోది నెలసరి. వారం దాటినా ఆగని నెలసరి, గంటకో గుడ్డ మార్చవలసి రావడం, పన్ను పీకించుకుంటే రాత్రంతా రక్తం, ఊరికే ఒంటిమీద నల్లమచ్చలు – ఇవి వాన్ విల్లిబ్రాండ్ జబ్బుకు సూచనలు కావచ్చు. మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతే అని సరిపెట్టుకోవడం మామూలు. ఇంట్లో అందరికీ అలా ఉండటమే ఇక్కడ గుర్తు. గర్భంతో ఉన్నప్పుడు ఈ ప్రొటీన్ పెరిగి అంతా సవ్యంగా కనిపిస్తుంది. కాన్పు తరువాత మళ్లీ తగ్గిపోయి, ఇంటికి వచ్చిన వారం పది రోజులకు రక్తస్రావం మొదలు కావచ్చు. ఇలాంటి స్త్రీకి డాక్టరును అడగకుండా ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వరాదు.

దగ్గరి సంబంధాలు

దక్షిణ భారతంలో అన్ని మతాలవారిలోనూ దగ్గరి సంబంధాలు చేసుకునే అలవాటు ఉంది. ఇటీవలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో నాలుగో వంతుకు పైగా వివాహిత స్త్రీలు బంధువులనే చేసుకున్నవారు. చాచా పిల్లలు, మామూ పిల్లలు తమ జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడిగా పంచుకుంటారు. ఫ్యాక్టర్ థర్టీన్ లోపం లాంటివి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే వస్తాయి. దంపతులిద్దరూ మోసేవారైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ప్రొటీన్ సి లోపం కూడా ఇద్దరి నుంచీ వస్తే, పుట్టిన కొద్ది గంటల్లో లేదా రోజుల్లో బిడ్డ చర్మంపై నల్లటి మచ్చలు వేగంగా వ్యాపించి ప్రాణాపాయం కలుగుతుంది.

దగ్గరి సంబంధం చేసుకున్నవారందరికీ ఇలా జరుగుతుందని కాదు. ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. కానీ ఇంట్లో ఇలాంటి గుర్తు ఒక్కటి కనిపించినా, నిశ్చయం చేసుకునే ముందే వైద్య సలహా తీసుకోవడం మంచిది. మరో విషయం. ఆలుమగలిద్దరూ ఒకే తాత మనవలైనప్పుడు లోపం కోడలిది ఎలా అవుతుంది? అది ఆ ఉమ్మడి తాతది.

సూదులు, మందులు – సందేహాలు

రక్తం పలచబరచడానికి అసిట్రోమ్, వార్ఫరిన్ మాత్రలు వాడే స్త్రీ నెల తప్పగానే, వీలైతే గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్రలు మాయను దాటి బిడ్డకు చేరతాయి. తొలి నెలల్లో అవయవ లోపాలు కలిగించగలవు. అయితే సొంతంగా మానేయరాదు. డాక్టరు వాటి స్థానంలో హెపారిన్ జాతి సూదులకు మారుస్తారు. ఈ సూది మాయను దాటదు. కాన్పుకు ముందు ఎప్పుడు ఆపాలో, తరువాత ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెబుతారు.

ఈ సూది విషయంలో మన కుటుంబాలకు ఒక సందేహం వస్తుంది. సాధారణంగా వాడే ఎనాక్సాపారిన్ వంటి సూదులు పంది పేగుల నుంచి తీసిన పదార్థంతో తయారవుతాయి. ఇది నిజమే. ప్రాణం నిలపడానికి సమానమైన వేరే మందు లేనప్పుడు అవసరం మేరకు వాడవచ్చని పెక్కుమంది ధార్మిక పండితులు చెప్పారు. ఫోండాపారినక్స్ అనే సూది పూర్తిగా కృత్రిమంగా తయారైనది. గర్భిణులలో దీని వాడకం అనుభవం తక్కువ, అందరికీ సరిపడదు. ఇస్తారా లేదా అన్నది డాక్టరును అడగండి. మీకు నమ్మకమున్న ఆలింను కూడా అడగండి. కానీ ఈ సంప్రదింపులన్నీ ఐదో నెలలోనే పూర్తి చేసుకోండి. అర్ధరాత్రి కాన్పు గది ముందు నిలబడి సూది వద్దనడం ఆమె ప్రాణంతో చెలగాటమే.

రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్న స్త్రీ కాన్పు తరువాత మాలా-డి వంటి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడరాదు. కాపర్-టి వంటి వేరే పద్ధతులు ఉన్నాయి.

హకీము దగ్గరికి వెళ్లేటప్పుడు

గర్భిణికి నరం కోసి రక్తం తీసే ఫస్ద్ చేయరాదని బుఖరాత్ కాలం నుంచే హెచ్చరిక ఉంది. రక్తం పలచబరిచే మందు వాడుతున్నవారు, రక్తం ఆగని లోపం ఉన్నవారు గాటు పెట్టే హిజామా చేయించుకోరాదు. హిజామా చేసేవారికి ముందుగా ఈ సంగతి చెప్పండి. వెల్లుల్లి, అల్లం, పసుపు, మెంతులు, కలోంజి కూరలో వాడే మోతాదులో ఇబ్బంది లేదు. అవే గుళికలుగా, చూర్ణంగా, నూనెగా మందు మోతాదులో తీసుకుంటే రక్తం పలచబరిచే మందులతో కలిసి రక్తస్రావం పెంచవచ్చు. లోహాలతో చేసే కుష్తాలు గర్భిణికి ఏ పరిస్థితిలోనూ ఇవ్వరాదు. యునానీ వైద్యం ఇక్కడ చేయగలిగింది మంచి ఆహారం, రక్తహీనత లేకుండా చూడటం, మలబద్ధకం తగ్గించడం, తగిన నడక, ప్రశాంతత. అది తక్కువ సాయమేమీ కాదు. కానీ సూది ఇవ్వవలసిన చోట అది సూదికి బదులు కాదు.

ఇంట్లో కూర్చుని రాయవలసిన కాగితం

బీదర్ ప్రాంతం కుటుంబాలకు వంశ చరిత్ర సేకరించడంలో ఒక ప్రత్యేకత ఉంది. 1956 వరకు జహీరాబాద్, నారాయణఖేడ్, ఉద్గీర్ అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలోనివే. ఆ ఏడాది రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో జిల్లా మూడు ముక్కలై మూడు రాష్ట్రాలకు వెళ్లింది. గీతలు మారాయిగానీ వియ్యాలు మారలేదు. చిమ్కోడ్‌లోని కోడలి ఫుఫ్పూ జహీరాబాద్‌లో, ఖాలా ఉద్గీర్‌లో ఉండవచ్చు. ఒకరి రిపోర్టు కన్నడంలో, మరొకరిది తెలుగులో, ఇంకొకరిది మరాఠీలో ఉంటుంది. అందుకే ఏ డాక్టరుకూ మొత్తం కథ తెలియదు. అందరికీ ఫోన్లు చేసి ఒక చోట రాయగలిగింది మీరే.

మూడు తరాలవారి గురించి, రెండు వైపులా ఈ ప్రశ్నలు అడగండి:

1. యాభై ఏళ్లలోపు ఎవరికైనా కాలిలో, ఊపిరితిత్తులలో, మెదడులో గడ్డ వచ్చిందా? ఏ వయసులో?
2. గర్భంతోగానీ, చిల్లాలోగానీ హఠాత్తుగా మరణించినవారున్నారా? ఆయాసమా, మూర్ఛా, రక్తస్రావమా?
3. ఎవరికెన్ని గర్భాలు పోయాయి? ఎన్నో నెలలో?
4. ఖత్నాలో, బొడ్డు ఊడినప్పుడు, పన్ను పీకినప్పుడు రక్తం ఆగనివారున్నారా?
5. నెలసరి రక్తస్రావం ఎక్కువై రక్తం ఎక్కించవలసి వచ్చిందా?
6. పుట్టిన కొద్ది రోజులకే పోయిన పిల్లలున్నారా? మచ్చలు కనిపించాయా?
7. ఆలుమగలు బంధువులేనా? ఏ వరుస?

ఇందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు. పోయిన గర్భాన్ని దాచడం, చనిపోయిన బిడ్డ పేరెత్తకపోవడం మన ఇళ్లలో మర్యాదగా సాగుతోంది. ఆ మౌనంలోనే తరువాతి తరం ఆడపిల్లకు కావలసిన సమాచారం పూడిపోతోంది. దాదీ, నానీ బతికి ఉండగానే అడగండి.

ఈ కాగితం కర్ణాటకలో తాయి కార్డుతో పాటు ఉంచి, మొదటి పరీక్షకు వెళ్లినప్పుడే చూపండి. ఆశా కార్యకర్తకు కూడా చెప్పండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరు చేత ఉచితంగా పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు వదులుకోవద్దు. గుర్తులు ఉన్నవారు ఊళ్లోగానీ, చిన్న నర్సింగ్ హోంలోగానీ కాన్పుకు ఏర్పాటు చేసుకోరాదు. రక్తం దొరికే చోట, మత్తు డాక్టరు ఉండే చోట, అంటే బీదర్‌లోని వైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట ముందే పేరు నమోదు చేయించండి. ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, ఫ్యాక్టర్ల వంటి ప్రత్యేక పరీక్షలు అవసరమైతే అక్కడి డాక్టర్ల సలహాతో హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి వెళ్లవచ్చు. హీమోఫీలియా ఉన్న కుటుంబాలకు 1983 నుంచి పనిచేస్తున్న హీమోఫీలియా ఫెడరేషన్ తోడుగా ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాను కూడా తన జాబితాలో చేర్చింది.

ఈ కాగితం రాయడానికి ఒక సాయంత్రం, నాలుగు ఫోన్లు చాలు. ఖర్చు లేదు. దీని నకలు మీ కూతురి నికాహ్ కాగితాలతో పాటు భద్రపరచండి. ఆమె తల్లి కాబోయే రోజున పుట్టింటి నుంచి పంపే సారెలో ఇంతకన్నా పనికొచ్చేది మరొకటి ఉండదు.